ఒక పూట నడక: ఉస్మాన్‌గంజ్ నుంచి చాదర్‌ఘాట్ దాకా

పట్నాన్ని నడిపించుకుంటూ చరిత్ర చెప్పడం ఇప్పుడు బాగా చెల్లుతున్న పద్ధతి. దాన్ని హెరిటేజ్ వాక్ అంటున్నారు. పొద్దున ఏడింటికి ఒకచోట కలుస్తారు. గైడు ముందు నడుస్తాడు, జనం వెనక నడుస్తారు. పన్నెండు కొట్టేలోపు అయిపోతుంది. మూసీ ఉత్తరపు ఒడ్డున ఉస్మాన్‌గంజ్‌లో మొదలుపెట్టి, అఫ్జల్‌గంజ్, గౌలిగూడ మీదుగా చాదర్‌ఘాట్ దాకా ఇట్లాంటి నడక పెట్టుకోవచ్చు. మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఉస్మానియా ఆసుపత్రి, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అవతలి ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ అన్నీ కనబడతాయి. ఎవరు కట్టించారు, ఏ సంవత్సరంలో కట్టించారు, గుమ్మటం ఏ శైలిది అన్నవి సాధారణంగా వినబడే సంగతులు.

ఆ సంగతులు అబద్ధాలు కావు. అయితే కట్టించినవాళ్ల చరిత్రే ఆ పేటల మొత్తం చరిత్రగా నిలబడిపోయింది. మోసినవాళ్లు, ఊడ్చినవాళ్లు, ముంపులో పోయినవాళ్లు, బడి పెట్టుకుని పిల్లలను కూర్చోబెట్టినవాళ్లు అందులో లేరు. కథలో లేనివాళ్లు రేపు ఒడ్డు మీద కూడా ఉండకూడదని చెప్పడం ఎంత సులువో ఈ వందేళ్లలో మూడుసార్లు చూశాం. అందుకే అదే దారిలో, అదే పూటలో మనం ఇంకో నడక నడవాలె.

పేర్లు చెప్పే లెక్క

మొదట పేర్లు చూద్దాం. బేగంబజార్ రెండో నిజాం బేగం పేరు మీద ఉంది. అఫ్జల్‌గంజ్ అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు. ఉస్మాన్‌గంజ్ ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు. ఆయన గద్దెనెక్కింది 1911లో. పక్కనే ఉన్న సిద్దిఅంబర్ బజార్ పేరులో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల ఆనవాలు ఒకటి మిగిలింది.

పనిని బట్టి వచ్చిన పేర్లూ లేకపోలేదు. పశువుల్ని సాకి పాలమ్మిన గౌలీల పేరు గౌలిగూడకు వచ్చింది. కాచిగూడ దగ్గర చప్పల్ బజార్ ఉంది. సికింద్రాబాద్‌లో ఘాస్‌మండి, అంటే గడ్డి అంగడి ఉంది. అఫ్జల్‌గంజ్ వైపు ఒడ్డున కోల్సావాడి అని ఒక వాడ ఉండేది. కోల్సా అంటే బొగ్గు. దొరల పేర్లున్న పేటలు ఇవాళ్టికీ పటంలో ఉన్నాయి. కోల్సావాడి పటంలో లేదు. ఆ వాడను నీళ్లు ఎత్తుకుపోయాయి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గంజ్ ఎవరి వీపు మీద నిలబడింది

గంజ్ అంటే గింజల అంగడి. అడ్తిదారు గద్దె మీద కూర్చుంటాడు, గుమాస్తా చిట్టా రాస్తాడు, దడ్వాయి తూకం వేస్తాడు, హమాలీ మోస్తాడు, చాటకూలీ ఆడమనిషి కిందపడ్డ గింజలు ఊడ్చి చెరుగుతుంది. తెలంగాణలో ఏ గంజ్‌కు పోయినా ఈ మెట్లు కనబడతాయి. పై మెట్టు నుంచి కిందికి వస్తున్నకొద్దీ కులం ఎట్లా మారుతుందో చూడండి. గద్దె మీద వైశ్యులు, మార్వాడీలు. మూట కింద మాల, మాదిగ, ముదిరాజు, లంబాడా, పేద ముస్లిం. కరువు తరిమితే పాలమూరు, మెదక్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లో వెట్టిమోత మోసినవాడు పట్నంలో కూలిమోత మోస్తున్నాడు. చేతిలో నాలుగు పైసలు పడ్డాయి, దొర ముందు చెప్పులిడిచే అవసరం తప్పింది. ఆ తేడా చిన్నది కాదు. మోత మాత్రం పోలేదు.

ఒకప్పుడు గోనె బస్తా అంటే క్వింటాలు. ఒక మనిషి మోయదగ్గ బరువు 55 కిలోలు దాటరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. మన దగ్గర 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం వచ్చింది. పని క్రమబద్ధం కావాలని, సంక్షేమ నిధి ఉండాలని చట్టం రాసింది. ఈ లెక్కలు ఏ గుమ్మటం కింద నిలబడి ఎవరు చెబుతారు? ఉస్మాన్‌గంజ్‌లో వారసత్వ సంపద అని చూపించదగ్గది ఒకటుంటే, అది మూట ఎత్తే నేర్పు. ఇద్దరు ఎత్తి ఒకడి మెడ మీద పెట్టడం, కొక్కెం ఎక్కడ గుచ్చాలో తెలియడం, పలక మీద అడుగు తప్పకుండా లారీ ఎక్కడం. ఇవి రాతలో లేవు, చేతిలో ఉన్నాయి.

1908: నీళ్లు అందరినీ ఒక్కతీరు ముంచవు

ఆసుపత్రి ఆవరణలో గైడు తప్పకుండా చూపించేది చింతచెట్టు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది బతికారని చెబుతారు. మంచి కథ. వరదలో పోయినవాళ్లు సుమారు 15 వేలమంది అని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. 1578 నాటి పురానాపూల్ నిలబడింది. కోల్సావాడి కొట్టుకుపోయింది. నదికి ఆనుకుని, పల్లంలో, మట్టిగోడల ఇళ్లలో ఎవరు ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. మెరకన మేడ ఉన్నవాడు నీటి మట్టం గోడ మీద గీసుకున్నాడు. పల్లంలో ఉన్నవాడికి గీసుకోవడానికి గోడే మిగలలేదు.

ఈ వరద ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. 1909లో నిజాం పిలిస్తే వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీశాడు. మూసీ ఎగువన 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయి. ఒకటి తెగి కిందిది తెంపింది, అది దాని కిందిదాన్ని తెంపింది. ఆయన సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇంజనీరు పేరు అందరికీ తెలుసు. చెరువు కట్ట మీద, తూము దగ్గర రాత్రీపగలూ కావలి కాసేవాడిని నీరటి అంటారు. చాలా ఊళ్లలో ఆ పని మాలలది. ఎక్కడ బుంగ పడింది, ఎక్కడ మట్టి జారుతున్నది మొదట తెలిసేది అతనికే. తెలంగాణ నీటి విద్యలో అతని వాటా ఎంతో రాసిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వరద తర్వాత 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. రోడ్లు వెడల్పయ్యాయి, ఒడ్డు పొడుగునా గోడలు, తోటలు లేచాయి. ఇవాళ మనం చూసే ఆసుపత్రి, హైకోర్టు, సిటీ కాలేజీ ఆ తర్వాతి పదిహేనేళ్లలో లేచినవే. ఆరోగ్యం కోసం ఇరుకు వాడలను తీసెయ్యాలన్న మాట కూడా అప్పటి నుంచే బలపడింది. మురికి తీసేవాళ్లను మురికి కింద జమకట్టడం అక్కడ మొదలైంది.

ఈసామియా బజార్: గైడు ఆగని చోటు

లైబ్రరీ దాటి, గౌలిగూడ దాటి, కోఠీ పక్కన ఈసామియా బజార్ వస్తుంది. గుమ్మటాలు లేవు కాబట్టి అక్కడ నడక ఆగదు. నా దృష్టిలో ఈ పూటంతటికీ ముఖ్యమైన చోటు అదే.

మాదరి భాగయ్య 1888 మే 22న ఒక మాల కుటుంబంలో పుట్టాడు. మనకు భాగ్యరెడ్డివర్మగా తెలుసు. 1906లో, అంటే వరదకు రెండేళ్ల ముందు, జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు, భజనలతో జనాన్ని పోగుచేశాడు. తాగుడు వద్దన్నాడు, జోగినీ ఆచారం వద్దన్నాడు. 1910లో ఈసామియా బజార్‌లో బడి తెరిచాడు. 1911లో మండలి మన్యసంఘం అయ్యింది. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో అంటరాని పిల్లలు తెలుగులో అక్షరాలు దిద్దుకున్నారు. ఒక బడి ఇరవై దాటింది. 1930ల నడుమ వాటిని ప్రభుత్వం తన కిందికి తీసుకున్నది. వరదకూ బడికీ మధ్య రెండేళ్లు. పట్నం ఇంకా శిథిలాలు ఎత్తుకుంటున్న కాలంలోనే, ఎవరి అనుమతీ పెద్దగా దొరకని జనం తమ బడి తామే కట్టుకున్నారు.

1917లో బెజవాడ పంచమ మహాసభకు ఆయన అధ్యక్షుడు. పంచములన్న మాట తోసేసి, ఈ నేలకు మేమే ఆదివాసులమని నిలబడింది అక్కడే. సభ పేరే ఆది ఆంధ్ర అయ్యింది. హైదరాబాద్‌లో అది ఆది హిందూ ఉద్యమమయింది. 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులన్న పేరు ఎక్కింది. అదే ఏడు ఆయన 'భాగ్యనగర్' పత్రిక నడిపాడు. అరిగె రామస్వామి, ఘాస్‌మండి నుంచి వచ్చిన బి.ఎస్. వెంకట్రావు ఆ ఉద్యమంలో పనిచేశారు, ఒకరితో ఒకరు విభేదించారు కూడా. నాయకత్వమంతా మాలలదేనా అని మాదిగలు అరుంధతీయ సంఘాలతో నిలదీశారు. ఆ ప్రశ్న దాచి చెప్పే నడక కూడా సగం నడకే. ఈ చరిత్రను పి.ఆర్. వెంకటస్వామి 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' పేరుతో అచ్చువేశాడు కాబట్టి మనకు ఇంత దక్కింది. చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవన్ ముందు పదినిమిషాలు నిలబడితే ఇదంతా చెప్పొచ్చు.

ఒడ్డు ఎవరిది

నడక ముగిసే చోట మూసీ మళ్లీ కనబడుతుంది. 1990ల చివర్లో నందనవనం పేరుతో ఒడ్డు మీది గుడిసెలను కదిలించారు. 2024లో చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లకు ఎర్రరంగు గుర్తులు పడ్డాయి, కూల్చివేతలు మొదలయ్యాయి. కొన్ని కుటుంబాలను మలక్‌పేటలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు పంపారు. నీటి ప్రమాదం నిజమే. 2020 అక్టోబర్‌లో ముంచింది. 2025 సెప్టెంబర్ చివర్లో గౌలిగూడ బస్‌స్టేషన్‌లోకే నీళ్లొచ్చాయి. ప్రమాదం లేదని ఎవరూ అనరు. ప్రశ్న వేరే ఉంది. అదే ఒడ్డున ఆసుపత్రి ఉంటే వారసత్వం, బస్‌స్టేషన్ ఉంటే సౌకర్యం, మూట మోసేవాడి ఇల్లుంటే కబ్జా. ఈ మూడు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? పనికి దగ్గరలో ఉండాలె కాబట్టే అతను అక్కడ ఉన్నాడు. తెల్లారి నాలుగింటికి లారీ దిగే గంజ్‌కు పది కిలోమీటర్ల అవతల నుంచి బస్సు దొరకదు.

ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్నం ఉంది. బానిస వ్యాపారంతో బలిసిన పట్నం. అక్కడి ఆల్బర్ట్ డాక్‌లో 2007లో అంతర్జాతీయ బానిసత్వ మ్యూజియం తెరిచారు. ఒడ్డు అందం చూడటానికి వచ్చినవాళ్లకే, ఆ డబ్బు ఎవరి ఒంటి నుంచి వచ్చిందో చూపించారు. మూసీ ఒడ్డును కొత్తగా కడతామంటున్నవాళ్లు, కోల్సావాడికి ఒక రాయి, ఈసామియా బజార్ బడికి ఒక పలక, హమాలీకి ఒక గది పెడతారా అని మనం ఇప్పుడే అడగాలె. కట్టిన తర్వాత అడిగితే ఖాళీ ఉండదు.

ఉపాధ్యాయులకు, విద్యార్థి సంఘాలకు ఒక మాట. ఈ నడకకు టికెట్ అక్కర్లేదు. ఒక ఆదివారం పిల్లలను తీసుకుపోండి. ఆగిన ప్రతి చోటా మూడు ప్రశ్నలు వేయించండి: దీన్ని ఎవరు మోసి కట్టారు? ఇక్కడి నుంచి ఎవరిని ఎప్పుడు పంపించారు? వాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? మొదటి రెండింటికి గంజ్‌లోని ముసలి హమాలీలు జవాబు చెబుతారు. మూడోదానికి పిల్లలు ఇంటికి పోయి అడగాల్సి రావచ్చు. చాలామంది ఇళ్లలోనే జవాబు ఉంటుంది. దాన్ని నోటుబుక్కులో రాసి, పేరు, ఊరు, తారీఖు వేసి దాచిపెట్టండి.