మొగిలి లేని మొగిలిగిద్ద

2025 జనవరిలో మా మొగిలిగిద్ద బడికి 150 ఏళ్ళ పండుగ జరిగినప్పటి నుంచి ఊళ్ళో ప్రతివాడూ చరిత్రకారుడే. ప్రొఫెసర్ హరగోపాల్ గారి ఊరు కదా, తర్కానికి కొదవ లేదు. అరుగు మీద కూర్చుంటే చాలు, ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చిందన్న పంచాయితీ మొదలు.

మొదటిది మొగులు వాదం. మొగులు పట్టినప్పుడల్లా ముందు మా ఊరి మీదే వాన కురిసేదట. పాలమూరులో పుట్టి ఈ మాట అనగలిగినవాడి ధైర్యానికి దండం పెట్టాలి. (2016లో మమ్మల్ని రంగారెడ్డి జిల్లాలో కలిపారు గాని, నేను పాలమూరువాణ్ణే.) రెండోవాళ్ళు మొగిలయ్య అనే ఆసామిని పట్టుకొచ్చారు. ఈ పేరు మా వైపు కొత్త కాదు. కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యదీ పాత పాలమూరు జిల్లానే. కాని మనిషి పేరున వెలిసిన ఊరు మొగిలయ్యపల్లో మొగిలయ్యగూడెమో అవుతుంది, గిద్ద ఎందుకవుతుంది?

నాది మూడో వాదం. మొగిలి అంటే మొగిలి పొదే. పక్కనున్న బూర్గులకు బూరుగు చెట్టు వల్ల ఆ పేరు వచ్చిందంటే ఎవరూ కాదనరు. వాళ్ళ బూర్గుల రామకృష్ణారావు 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు కాబట్టి వాళ్ళ చెట్టుకు సాక్ష్యం అక్కర్లేదు కాబోలు. మా పొదకు మాత్రం సాక్ష్యం కావాలి.

పొద వాదంలోనూ నాకు ఎదురు నిలిచేది మా తెలుగు సారు. ఆయనా మొగిలినే ఒప్పుకుంటారు గాని, 'గిద్ద' అన్నది కన్నడ 'గిడ' అంటారు, అంటే మొక్క. కల్యాణి చాళుక్యులు, వాళ్ళ సామంతులైన కందూరు చోడులు ఏలిన సీమ ఇది, ఇటు పాలమూరులో అటు నల్లగొండ పానగల్లులో కన్నడ శాసనాలున్నాయి, కనుక మొగిలిగిడ అంటారు. వినడానికి బాగుంది. కాని కన్నడంవాళ్ళు మొగిలిని 'కేదగె' అంటారు. ఊరికి పేరు పెట్టింది వాళ్ళే అయితే కేదగెగిడ కావాలి. తల తెలుగు, తోక కన్నడం ఎట్లా అయిందో సారు చెప్పరు.

నేననేది 'గడ్డ'. ఏటిగడ్డ, వాగుగడ్డ అంటామే, ఆ గడ్డ. మొగిలి పెరిగిన వాగుగడ్డ మొగిలిగడ్డ. అది గిద్ద అయింది మన నోట కాదు, దఫ్తరులో. నిజాం సర్కారు 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూను తెచ్చింది. మన భూముల సేత్వార్లు, పహాణీలు ఆ లిపిలోనే ఉండేవి. ఇప్పటికీ పాత సేత్వార్ చదివించుకోవాలంటే ఉర్దూ వచ్చిన ముసలాయన కోసం షాద్‌నగర్ అంతా తిరగాలి. ఆ లిపిలో గడ్డ రాస్తే గాఫ్, డాల్, హే. గిద్ద రాస్తే గాఫ్, దాల్, హే. అకారానికి జబర్, ఇకారానికి జేర్ పెట్టాలి గాని దఫ్తరు రాతలో పెట్టేవాడెవడు? ఇక డాల్‌కూ దాల్‌కూ తేడా నెత్తి మీద చిన్న తోయ్ గుర్తు ఒక్కటే. షికస్తా అనే గొలుసుకట్టు రాతలో చుక్కలకే దిక్కులేదు, తోయ్ సంగతి చెప్పాలా! ఆ గుర్తు జారింది, మా గడ్డ గిద్ద అయింది.

"ఏమయ్యా, 1890లో జిల్లాకు మహబూబ్‌నగర్ అని పేరు పెట్టినా జనం ఇంకా పాలమూరే అంటున్నరు కదా, నీ ఒక్క చుక్క జారితే నోర్లన్నీ తిరిగిపోయినయా?" అని సారు ఎత్తిపొడుస్తారు. గట్టి మాటే. కాని అది పేరు మార్చడం, జనం ఒప్పుకోలేదు. ఇది అక్షరం జారడం, జనం గమనించలేదు. పట్టా మీద, బస్సు బోర్డు మీద, బడి సర్టిఫికెట్ మీద మూడు తరాలు ఒకే తప్పు చదివితే నోరు ఎంతకని నిలబడుతుంది?

అసలు పేచీ ఇది కాదు. మొగిలి సముద్రపు ఒడ్డు మొక్క, గంజాం ఇసుకలో పెరిగేది, మీ చెలకల్లో ఎక్కడిది అని షాద్‌నగర్ పెద్దమనిషి ఒకాయన అన్నాడు. ఆయన చెలకను చూశాడు గాని వాగును చూడలేదు. ఎర్ర చెలక కింద రాయి. వాన నీళ్ళు ఇంకి, రాయి మీద జారి, వాగు ఒడ్డున ఊటగా బయటపడేవి. ఎండాకాలంలో ఇసుకలో చెలిమె తోడితే చెంబు మునిగేది. ఆ ఊట పట్టున చెలకకు సంబంధం లేని మరో లోకం ఉండేది. నీళ్ళంచున తుంగ, జమ్ము, వెనక వాయిలి, ఆపైన ఈత, నీళ్ళ మీదికి వంగిన ఈత మట్టలకు గిజిగాడి గూళ్ళు. పాత నల్లగొండ జిల్లా తుంగతుర్తికి తుంగా, మన కలువకుర్తికి కలువా పేరిచ్చాయని నమ్మేవాళ్ళు మొగిలి దగ్గర మాత్రం సముద్రం చూపిస్తారు.

వాయిలి గురించి ఒక మాట చెప్పకపోతే పాపం. మా చదువంతా వాయిలి బరిగె కిందే సాగింది. పెద్ద సారు బరిగె తెమ్మంటే వాగుకు పరుగెత్తింది మేమే, దాని దెబ్బ తిన్నదీ మేమే. సన్నగా, సాగుడుగా ఉండే ఆ కొమ్మలతోనే గంపలు అల్లేవాళ్ళు. బాలింత స్నానానికి వాయిలాకు కాచిన నీళ్ళు, ఒళ్ళు నొప్పులకు దాని ఆవిరి, ధాన్యంలో పురుగు పట్టకుండా దాని ఎండాకు. మేకలు వాసనకే ముట్టవు. వరద వస్తే వంగి, పోగానే లేస్తుంది, వేళ్ళు గట్టును వదలవు. తంగేడును రాష్ట్ర పుష్పం చేశారు, సంతోషమే. వాయిలికి కనీసం ఒక సామెతైనా దక్కాల్సింది.

మొగిలికి ఆ మొండితనం లేదు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. వాసన మగదాని పువ్వుకే. కాబట్టి మనుషులు మగదాని పిలకలే నాటుకున్నారు. ఆడది దగ్గర లేకపోతే గింజ లేదు. గింజ లేని పొదను ఒకసారి వేళ్ళతో పెకిలిస్తే అక్కడితో సరి. పైగా పాములుంటాయన్న భయం. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు శివుడు వెలివేశాడన్న కథ ఉండనే ఉంది. నరకడానికి ఇంతకంటే ఏం కావాలి? మా నాయినమ్మ చీరల పెట్టెలో మొగిలి రేకులు ఉండేవి. పట్నంలో కొన్నవని మా పెదనాయిన, వాగువే అని మా అత్త. నేను అత్త పక్షం.

బోర్లు వచ్చాక ఊట పోయింది. ఊట పోయిన చోటికి సర్కారు తుమ్మ వచ్చింది. దాని విత్తనాన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో మొదట నాటారు. అక్కణ్ణుంచి మా శికంలోకి ఎట్లా నడిచిందో గాని, మేకలూ బర్రెలూ కాయలు తిని మోసుకొచ్చాయనడంలో అనుమానం లేదు. మత్తడి కింద తడి ఉన్నచోట లొట్టపీసు. దాన్ని పశువు ముట్టదు, కొమ్మ విరిచి పారేసినా వేరు తొడుగుతుంది. చెరువు బాగుచేతకని వచ్చిన జేసీబీ ఒకటి మూడు రోజుల్లో గట్టు మీది వాయిలినంతా గీకేసింది. మళ్ళీ మొలిచింది లొట్టపీసే. ఎవరి జేసీబీ అని అడగకండి, ఊళ్ళో ఉండాల్సినవాణ్ణి.

పోయిన నెల సారు ఫోను చేశారు. "నీ మొగిలి దొరికిందయ్యా, వాగు పక్క వెంచరు కంచె కాడ ఉంది, రా" అన్నారు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. నిజంగానే పెద్ద పొద. కత్తుల్లాంటి పొడుగాకులు, అంచులకు ముళ్ళు. సారు గర్వంగా నిలబడ్డారు. మొగిలి ఆకుకు అంచులు రెంటికీ కాక, అడుగున నడి ఈనెకు కూడా ముళ్ళుంటాయి. ఒక ఆకు వంచి తిరగేశాను. నడి ఈనె నున్నగా ఉంది. కిత్తనార.