టైబరు గట్టున నొక గోడ

రోమానగరమున టైబరు నదికి ఇరువైపుల నెత్తుగా నిలిచిన రాతికట్టలు, చూచువారు తలంచునట్లు, సీజరుల కాలపువి కావు. 1870 డిసెంబరులో వచ్చిన వరద నగరమును ముంచివేయగా, అదే సంవత్సరమున పోపు చేతినుండి రోమును గైకొనిన ఇటలీ రాజ్యము 1876లో వాని నిర్మాణమునకు పూనుకొనెను. మతాధికారముచే హింసింపబడినవారిని స్మరించుట ఆ క్రొత్త రాజ్యమున కొక ముచ్చట. జోర్దానో బ్రూనోను సజీవముగా దహించిన చోటనే 1889లో అతని విగ్రహమును ప్రతిష్ఠించిరి. కట్టవెంబడి సాగిన బాటలలో నొకదానికి ఆర్నాల్దో ద బ్రెషా యను పండ్రెండవ శతాబ్దపు సన్న్యాసి పేరు పెట్టిరి.

గురుపీఠములకు భూములును సిరులును తగవనియు, రోమును పౌరులే యేలుకొనవలెననియు బోధించిన యీ ఆర్నాల్దోను, చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా పట్టి యొప్పగింపగా, 1155లో ఉరితీసిరి. అంతటితో తనియక శవమును కాల్చి, బూడిదను టైబరులో కలిపిరి. జనులు ఆ కళేబరమును పూజింతురేమో యన్న భయమే దానికి కారణమని సమకాలికుడైన బిషప్ ఓటో వ్రాసియున్నాడు. గతించినవారికి సద్గతి కలుగవలెనని అస్థులను గోదావరిలోనో కృష్ణలోనో నిమజ్జనము చేయు మనకు, అదే పనిని పగతో చేసినవా రుండిరన్న సంగతి కొంత వింతగా తోచును.

ఆర్నాల్దో పేరిట నున్న ఆ బాటమీదనే, 1924 జూన్ 10వ తేదీ సాయంకాలము, జాకొమో మత్తెయొత్తి యను ప్రతిపక్షనాయకుడు తన యింటినుండి పార్లమెంటునకు నడచి పోవుచుండగా, అయిదుగురు మనుష్యులు బలాత్కారముగా నొక కారులోనికి లాగుకొనిపోయిరి. ఈతడు 1885లో ఫ్రత్తా పొలేసినే యను పల్లెలో కలిగినవారి యింట బుట్టి, న్యాయశాస్త్రము చదివి, రైతుకూలీల పక్షమున నిలిచి, సంస్కరణవాదులైన సోషలిస్టుల కార్యదర్శి యైనవాడు. ఓట్లలో నాలుగవ వంతు పొంది ముందు నిలిచిన జాబితాకు సభాస్థానములలో మూడింట రెండు వంతులు కట్టబెట్టు 1923నాటి శాసనమును చేతబట్టుకొని, లాఠీలతో బెదిరించి ఫాసిస్టులు గెలిచిన 1924 ఏప్రిల్ ఎన్నికలు చెల్లవని, మే 30న, అడుగడుగునకు చెలరేగిన కేకలనడుమ, సభలో నిలువబడి సాక్ష్యములతో వాదించెను. ప్రసంగము ముగించి కూర్చుండి, ఇక నా సంతాపసభకు మీ యుపన్యాసములు సిద్ధముచేసికొనుడని మిత్రులతో ననెనని ప్రతీతి. పదునొకండు దినములే గడచినవి.

ఆ కారు ముందునాడే అచట తచ్చాడుచుండగా దొంగలేమో యని శంకించి దాని సంఖ్యను గుర్తించినవా రుండుటచేత, హంతకుల జాడ త్వరలోనే తెలిసెను. వారి నాయకుడు అమేరిగో దూమిని, ఫాసిస్టు ప్రధాని ముస్సోలినీ పరివారమునకు సన్నిహితుడు. కాని శవము రెండు మాసములదాక కానరాలేదు. దహనమునకు గాని ఖననమునకు గాని దేహము లేని యా దినములలో, అతనిని లాగుకొనిపోయిన చోటనున్న నదిగోడయే జనులకు సమాధి యయ్యెను. ఎవరో దానిమీద సిలువ గీసిరి. స్త్రీలు వచ్చి మోకరిల్లిరి, పూలు పెట్టిరి. పోలీసులు వచ్చి తీసివేసిరి. మరల పూలు వచ్చినవి. ఒక మంత్రివర్గము పూలగుత్తులకు జడియుట పైకి హాస్యాస్పదముగా కనబడును గాని, ఏడ్చుచున్న గుంపులో ఎప్పుడు కోపము పుట్టునో యెరిగిన పాలకుల కది వట్టి భయము కాదు.

ఆగస్టు 16న, రోమునకు ఉత్తరమున రియానో చెంత క్వార్తరెల్లా యడవిలో శవము బయటపడెను. అప్పుడు భార్య వేలియా హోంమంత్రి ఫెదెర్జోనికి వ్రాసిన లేఖ ఆ కాలపు రాజకీయపత్రము లన్నింటికంటె నాకు గొప్పదిగా తోచును. శవము వెంట ఫాసిస్టు దండు రారాదు. తన కండ్లముందు నల్లచొక్కా కనబడరాదు. ప్రత్యేకముగా నమర్చిన బండిలో గాక తాను సామాన్య ప్రయాణికురాలిగనే పోవుదును: ఇవి ఆమె కోరికలు. దుఃఖములో నున్న యిల్లాలు ప్రభుత్వపు సానుభూతిని గుమ్మమునకు వెలుపలనే నిలిపినది. ఆగస్టు 21న పుట్టినయూర అంత్యక్రియలు జరిగినవి.

జనుల శోకమునకు తగిన నాయకత్వము దొరికెనా యన్నచో లేదనియే చెప్పవలెను. ప్రతిపక్షసభ్యులు సభను విడిచి వెలుపల నిలిచిరి. పూర్వము రోమన్ సామాన్యులు ప్రభువర్గముపై నలిగి ఆవెంటిన్ కొండ నెక్కిన కథను బట్టి దీనికి ఆవెంటిన్ అని పేరు వచ్చినది. వృద్ధ సోషలిస్టు నాయకుడు తురాతి జూన్ 27న సహచరుని గూర్చి చేసిన ప్రసంగము ఉదాత్తమైనదే. కాని వారి యాశ యంతయు రాజు విక్టర్ ఇమ్మాన్యుయేలుమీదనే. నాథుడు వచ్చి బుజ్జగించునని అలకపాన్పుపై శయనించిన సత్యభామకు కృష్ణుడు వచ్చెను. వీరికి రాజు రాలేదు. నదిగోడవద్దను కర్మాగారములలోను రగిలిన యాగ్రహము ఆ వేసవిలోనే చల్లారిపోవ నిచ్చి, నైతికవిజయము తమదేయని వారు కాలయాపనము చేసిరి. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలిచి, జరిగిన దాని కెల్ల రాజకీయముగను, నైతికముగను, చారిత్రకముగను బాధ్యత తనదే యనియు, చేతనైనచో తనపై నేరము మోపుడనియు సవాలు విసరెను. మోపినవాడు లేడు. ఉదారవాదియైన అమెందొలా దెబ్బలు తిని 1926లో ప్రవాసమున మరణించెను. ఆ సంవత్సరము నవంబరులో కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీ చెరసాలపాలయ్యెను. తురాతి రాత్రివేళ పడవలో కోర్సికాకు పారిపోయెను.

హంతకుల విచారణను రోమునుండి తరలించి, 1926 మార్చిలో కియేతి యను చిన్న పట్టణమున జరిపించిరి. దూమిని పక్షమున వాదించినవాడు ఫాసిస్టు పక్షకార్యదర్శి ఫరినాచి. అది న్యాయము కాదని గ్రహించిన వేలియా ముందే తొలగిపోయెను. ముగ్గురికి అయిదేండ్ల పదునొకండు నెలల యిరువది దినముల శిక్ష పడినది. క్షమాదేశముచే నాలుగేండ్లు తగ్గినవి. వారు కొలది వారములలోనే బయటనుండిరి. వేలియా మాత్రము పోలీసుల నిఘాలోనే బ్రదికి 1938లో కన్నుమూసెను. యుద్ధానంతరము కేసును తిరుగదోడి 1947లో దూమినికి యావజ్జీవశిక్ష విధించిరి. అదియు తగ్గింపబడి, తరువాతి దశకముననే అతడు విడుదలయ్యెను.