మోర్చాలో పేలిన తుపాకీ: మా చిన్నబాపు ఎడమ చెవి కథ

హెడ్‌ఫోన్స్ పెట్టుకొని చూస్తున్నవాళ్లు వాల్యూమ్ కొంచెం తగ్గించుకోండి. ఎందుకంటున్ననో మధ్యలో మీకే తెలుస్తది.

మొన్న ఒక తమ్ముడు అడిగిండు. "అన్నా, సినిమాల హీరో చిన్న రూములో పెద్ద రైఫిల్ పేలుస్తడు, మరుక్షణమే పక్కోనితో గుసగుస మాట్లాడుతడు. నిజంగ అట్లైతదా?" కాదు తమ్మీ. ఆ గుసగుస ఇద్దరికీ వినపడది. దీనికి జవాబు మన కరీంనగర్ దిక్కు చరిత్రలోనే ఉంది. జగిత్యాల కోట నుంచి మొదలుపెడదాం.

జగిత్యాల కోటను 1747లో జఫరుద్దౌలా ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించిండు. నక్షత్రం ఆకారం, చుట్టూ నీళ్ల కందకం, యూరప్ పద్ధతి. కట్టిన ఫ్రెంచి ఇంజనీర్ల పేర్లు జాక్, తాల్ అని, ఊరి పేరు వాళ్ల నుంచే వచ్చిందని చెప్తుంటరు. నాకైతే నమ్మబుద్ధి కాదు, ముందు ఊరు పేరు పుట్టి ఆ తర్వాత కథ పుట్టినట్టుంది. సరే, అది వదిలేయండి. కోట మీదికెక్కితే ఫిరంగులు ఎక్కడున్నయో చూడండి. బురుజు పైన, ఆకాశం కింద.

గదిలో ఎందుకు పెట్టలేదు? నల్లమందు కాలితే అందులో సగానికి పైగా పదార్థం గాలిగా మారదు, సన్నని పొడిగా మిగిలిపోతది. తెల్లటి పొగ అంటే అదే. రెండు గుండ్లు పేల్చేసరికి మూసిన గదిలో ముందున్న మనిషి కనపడడు, ఊపిరాడదు. ఫిరంగి వెనక్కి తన్నడానికి జాగా కావాలి. చప్పుడు సంగతి చెప్పనే అక్కర్లేదు. యూరప్‌లో దీని మీద పెద్ద పంచాయితే నడిచింది. మోంతలంబేర్ అనే ఫ్రెంచి దొర కప్పు కింద గదుల్లో ఫిరంగులు పెట్టవచ్చని వాదించిండు. పొగతో చస్తరని మిగిలిన ఇంజనీర్లు నవ్విండ్రు. ఆయన 1781లో ఇల్ దెక్స్ దీవిలో చెక్కతో కట్టిన కోటలో ఫిరంగులు పేల్చి చూపించిండు. గాలి పోయే దారులు సరిగ్గ పెడితే పొగ ఆగదని తేలింది. అంటే గదిలో పేల్చవచ్చు, కానీ ముందు గదిని దానికోసమే కట్టాలె. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రెండు శతాబ్దాలు దాటి వద్దాం. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల పెద్ద సభ జరిగింది, జైత్రయాత్ర అని పేరు. ఆ ఏడాదే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1980లో పీపుల్స్ వార్ పుట్టింది. ఆ తర్వాత ఏమైందో మీ ఇంట్ల పెద్దోళ్లను అడగండి, ఎవరు ఏ దిక్కున్నా చెప్పడానికి ఒక కథ ఉంటది. ఎవరిది న్యాయం అనేది ఇంకో ఎపిసోడ్ ముచ్చట. ఇయ్యాల నేను చెప్పేది ఒక గది గురించి.

కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు పోలీసు ఠాణాలు ఆ కాలంల కోటల లెక్క మారినయి. ఎత్తు గోడలు, ముళ్లకంచె, ఇసుక బస్తాలు. మూల మీద సిమెంటుతో చిన్న గది, దానికి బయట చూడటానికి, తుపాకీ పెట్టడానికి సన్నని కంత. దాన్నే మోర్చా అంటరు. బయటి నుంచి వచ్చే తూటాను ఆపడానికి మంచిదే. లోపల పేలే తుపాకీ సంగతి మాత్రం ఎవరి లెక్కల లేదు.

మా చిన్నబాపు అట్లాంటి మోర్చాల డ్యూటీ చేసిండు. ఏ ఠాణానో చెప్పను. ఒక రాత్రి కంచె దగ్గర ఏదో కదిలింది, కేక వేస్తే జవాబు లేదు. ఆయన చేతిల ఎస్‌ఎల్‌ఆర్, 7.62 మిల్లీమీటర్ల తూటా. కంతకు ఒక జానెడు వెనుకనే తుపాకీ మూతి ఉంచి ఐదు రౌండ్లు కొట్టిండు. తెల్లారి చూస్తే కంచె అవతల బర్రె గిట్టల జాడలు. బర్రెకు ఏం కాలేదు. చిన్నబాపుకు మాత్రం రెండు రోజులు చెవుల్ల గుయ్యిమని మోత. కుడి చెవి కొంత తేరుకుంది. ఎడమది తేరుకోలే.

ఎడమదే ఎందుకు? కుడిచేతి వాటం మనిషి తుపాకీ భుజానికి ఆనిస్తే తల కొంచెం తిరుగుతది. ఎడమ చెవి మూతి దిక్కుకు పోతది, కుడి చెవి తల చాటుకు వస్తది. తుపాకీ పట్టినోళ్లలో చాలామందికి ముందు ఎడమ చెవే దెబ్బతింటది.

ఇక లెక్క. ఒక్క దెబ్బకు వచ్చే చప్పుడు 140 డెసిబెల్స్ దాటితే చెవికి ప్రమాదమని హద్దు పెట్టిండ్రు. పెద్ద రైఫిల్ చప్పుడు 160 దాటుతది. 20 ఎక్కువే కదా అనుకోకండి, డెసిబెల్ లెక్కలో ప్రతి 10కి శక్తి పది రెట్లు. 20 అంటే వంద రెట్లు. అది బయట మైదానంల. మూతి గది లోపలే ఉంటే ఆ చప్పుడు పోవడానికి తోవ లేదు, నాలుగు గోడలు, కప్పు తిప్పి తిప్పి చెవికే కొడతయి. చెవి లోపల సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటయి. మనిషికి అవి ఒకసారి పోతే మళ్లీ మొలవవు. ముందుగా పోయేది సన్నని శబ్దాలు వినే శక్తి. అందుకే చిన్నబాపుకు మాట వినపడుతది, కానీ స, చ, త తేడా తెల్వది. మా అక్క పెండ్ల "చారు తెమ్మను" అని ఎవరో అంటే, సారు వచ్చిండనుకొని బంతిల నుంచి లేచి నిలబడ్డడు. అందరం నవ్వినం. నేనూ నవ్విన. ఇప్పుడు తలుచుకుంటే బాగనిపించది.

చప్పుడు ఒక్కటే కాదు. సిమెంటు గోడకు, ఇనుప రేకుకు తగిలిన తూటా ముక్కలై ఎటు తిరుగుతదో ఎవరూ చెప్పలేరు. ఇంకొకటి కంటికి కనపడనిది, సీసం. తూటాలో సీసం ఉంటది, నిప్పు రాజేసే క్యాప్‌లో కూడా సీసం మందు వాడుతరు. మూసిన గదిలో ఆ పొడి ఊపిరిలోకి, చేతులకు, బట్టలకు పట్టుకుంటది. ఆ బట్టలతో ఇంటికి పోతే పిల్లల దాకా పోతది. అందుకే సరైన ఇండోర్ రేంజ్‌లో గాలి కాల్చేవాని వెనుక నుంచి గురి దిక్కుకు వీస్తది, తూటాలను వాలు ఉక్కు పలకలు పట్టుకుంటయి, నేలను చీపురుతో ఊడ్వరు, తడిబట్టతో తుడుస్తరు. మోంతలంబేర్ చెప్పింది ఇదే కదా.

నేను కాలేజీల ఎన్‌సీసీ క్యాడెట్‌ను. మాకిచ్చింది .22 రైఫిల్, వెనుక మట్టి కట్ట ఉన్న రేంజ్. వాన పడ్డ రోజు "సాబ్, పెద్ద హాల్ల కొడదామా" అని అడిగిన. హవల్దార్ సాబ్ నా ముఖం చూసి, హాలు చుట్టూ పది రౌండ్లు ఉరికించిండు. ఈ చిన్న తుపాకీ వెనుకా చరిత్ర ఉంది. 1880ల్లో బ్రిటిష్ సైన్యం మార్టినీ-హెన్రీ రైఫిల్ వాడేది, దాని తూటా దాదాపు 11.4 మిల్లీమీటర్ల లావు. దాంతో దగ్గర జాగాల ప్రాక్టీసు చేయలేరు. అందుకని ఆ గొట్టంల ఇంకో సన్న గొట్టం దూర్చి చిన్న తూటా కాల్చిండ్రు, దాన్ని మోరిస్ ట్యూబ్ అన్నరు. .22 తూటాకు ఎస్‌ఎల్‌ఆర్ తూటా శక్తిల ఇరవయ్యో వంతు కూడా ఉండది. అయినా కప్పు కింద కాలిస్తే చెవులు మూసుకోవాల్సిందే.

ఇంకో ముచ్చట. ఫంక్షన్ హాల్ల షో కోసం తుపాకీ పేల్చే రీల్స్ చూస్తున్న. 2019ల ఆయుధాల చట్టం మార్చినంక, సంబరానికి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేండ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జుర్మానా, లేదా రెండూ.

పోయిన నెల చిన్నబాపును జగిత్యాల కోటకు తోలుకపోయిన. బురుజు మీద ఫిరంగి పక్కన కూసున్నడు. "దీన్ని గిట్ల బయట పెట్టిండ్రేంది, వానకు తడవదా?" అన్నడు. ఎందుకో చెప్పిన. ఆయన కుడి చెవి నా దిక్కు తిప్పి, "ఏందీ?" అన్నడు. మళ్లీ చెప్పిన, ఈసారి గట్టిగా.