బొగ్గుబాయి కాలనీల ఇంటి చదువు

1879లో అమెరికా మైనింగ్ ఇంజినీర్ల సంస్థ మొట్టమొదటిసారి ఒక మహిళను సభ్యురాలిగా చేర్చుకుంది. ఆమె పేరు ఎలెన్ స్వాలో రిచర్డ్స్. బోస్టన్‌ ఎంఐటీలో సీటు సంపాదించిన తొలి మహిళ కూడా ఆమే. 1873లో అక్కడ రసాయన శాస్త్రంలో పట్టా తీసుకున్నారు. ఖనిజాలను పరీక్షించి అందులో ఏమున్నదో చెప్పడం ఆమెకు కరతలామలకం. భర్త రాబర్ట్ రిచర్డ్స్ ఎంఐటీలోనే మైనింగ్ ప్రొఫెసర్. 1875లో పెళ్లయ్యాక ఆ దంపతులు నోవా స్కోషియా ప్రయాణమైతే, ఆయన మైనింగ్ విద్యార్థులంతా వెంట వెళ్లారు. అంతగా గనుల లోకంలో ఉన్న మనిషి 1909లో గృహ విజ్ఞానం బోధించే వాళ్లందరికీ ఒక జాతీయ సంఘాన్ని నిలబెట్టి, దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. అమెరికన్ హోం ఎకనామిక్స్ అసోసియేషన్ ఆ సంఘం. 1994లో పేరు మార్చుకుని, కుటుంబ, వినియోగదారుల శాస్త్రాల సంఘంగా కొనసాగుతోంది.

సింగరేణి బొగ్గు పట్టణం గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు గని శాస్త్రం తెలిసిన మనిషి ఇంటి శాస్త్రం వైపు రావడం వింతగా తోచదు. ఇక్కడ వంటింటి గడియారాన్ని తిప్పేది బాయి మీది సైరనే. మొదటి షిఫ్ట్ అయితే చీకటితోనే లేచి సద్ది కట్టాలి. రెండో షిఫ్ట్ అయితే రాత్రి పదకొండు దాటాక వచ్చే మనిషికి అన్నం వేడిగా ఉంచాలి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే, రెండు గదుల క్వార్టర్‌లో పిల్లల్ని చప్పుడు చేయకుండా చూసుకోవాలి. ఇంట్లో తండ్రిది ఒక షిఫ్ట్, కొడుకుది ఇంకో షిఫ్ట్ అయితే పొయ్యి ఆరేది ఎప్పుడో ఆ ఇంటి ఇల్లాలికే తెలియాలి. బట్టలకు పట్టిన బొగ్గు మసి ఒక ఉతుకుకు వదలదు. బొగ్గు పొయ్యిల కాలంలో సాయంత్రమైతే కాలనీ కాలనీ పొగలో మునిగేది. పోషణ, సమయపాలన, వస్త్ర సంరక్షణ, గాలి, వెలుతురు అంటూ గృహ విజ్ఞాన పాఠ్యపుస్తకంలో అధ్యాయాలుగా కనిపించేవన్నీ యైటింక్లయిన్ కాలనీలో ఒక్క రోజులో ఒక్క ఆడమనిషి మీద పడతాయి.

సింగరేణి కథ అందరికీ తెలిసిందే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి ఒడ్డున రామగుండం గనులు తెరుచుకున్నది 1960లలో. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి, ఉత్తరాది నుంచి మనుషులు తరలివచ్చారు. ఎకరం పొలమో, కులవృత్తో, కూలి పనో చేసుకుంటూ ఊళ్లో భార్యాభర్తలిద్దరూ సంపాదించుకున్న కుటుంబాలవి. ఇక్కడికి వచ్చాక సంపాదన ఒక్కరిదైంది. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలోకి దించరాదంది. ఆ కట్టు కొంత సడలింది 2019 జనవరిలోనే. అదీ అప్పట్లో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాలకు, పగటి వేళలకు మాత్రమే. కోల్ ఫిల్లర్ భార్యకు చేయడానికి మిగిలింది ఇల్లు. జీతం ఆయన పేరు మీద వస్తుంది, అది నెలాఖరుదాకా సరిపోయేలా చూసే పూచీ ఆమెది.

ఆ జీతం కథే వేరు. బాయి కార్మికుడి జీతం ఊళ్లోని రైతుకూలీ కంటే ఎంతో మెరుగు, నెలనెలా ఠంచనుగా వస్తుంది. అందుకే బొగ్గు పట్టణాల్లో అప్పు ఇచ్చేవాళ్లకు ఏనాడూ కొదవలేదు. దీపావళికి బోనస్. దసరాకు లాభాల వాటా. 1999-2000లో 10 శాతంతో మొదలైన ఈ వాటా 2023-24 నాటికి 33 శాతమైంది. ఆ ఏడాది పంచిన మొత్తం 796 కోట్లు, సగటున మనిషికి లక్షా 90 వేలు. అంత డబ్బు ఒక్కసారి చేతిలో పడ్డ వారంలో బంగారం దుకాణం, బండ్ల షోరూం, చిట్టీల వాళ్లు, పాత బాకీదారు, అందరూ గుమ్మం ముందే ఉంటారు. వినియోగదారుల విద్య అనే మాట పుట్టని రోజుల నుంచే ఈ ఊళ్లకు ఆ విద్య అవసరం ఉంది.

గిరిగిరి అప్పునే తీసుకుందాం. పది వేల బాకీ రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి పోయింది వెయ్యి రూపాయలే, పది శాతమే అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరిగిపోతున్నది కదా. యాభయ్యో రోజుకు సగం తీరిపోయింది. తగ్గిన అసలు మీద లెక్క కడితే నెలకు నూటికి ఆరు రూపాయలు దాటిన వడ్డీ అది, ఏడాదికి 75 శాతం పైమాటే. ఈ లెక్క నల్లబల్ల మీద వేసి చూపడానికి అరగంట చాలు. ఆ అరగంట ఎన్ని కుటుంబాలను ఏటీఎం కార్డు వడ్డీ వ్యాపారి చేతిలో పెట్టకుండా కాపాడుతుందో ఆలోచించండి. పదో తరగతి చదివిన గృహిణికి అర్థమయ్యేలా ఈ పాఠం చెప్పగల మనిషిని నేను పెద్ద పంతులమ్మ అనే అంటాను.

తెలుగు నేల మీద ఈ చదువుకు సంఘాలే ప్రాణం పోశాయి. 1902లో బందరులో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1937లో దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. దుర్గాబాయి 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యాక, దేశమంతటా మహిళా మండళ్లకు ప్రభుత్వ సొమ్ము అందడం మొదలైంది. 1958 నుంచి, చదువు మధ్యలో మానేసిన వయోజన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు నడిచాయి. కుట్టుమిషన్ పక్కన పలక పెట్టిన ఆలోచన అది. కాలనీల్లో ఈనాటికీ కనిపించే కుట్టు శిక్షణ తరగతుల మూలం అక్కడుందని నా నమ్మకం.

సింగరేణిలో ఆ పనిని సింగరేణి సేవా సమితి భుజాన వేసుకుంది. కార్మికుల భార్యలకు, ఆడపిల్లలకు టైలరింగ్, ఫ్యాషన్ డిజైనింగ్, మగ్గం వర్క్, బ్యూటీషియన్ కోర్సులు నేర్పుతుంది. డిసెంబర్ 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవంలో వాళ్లు చేసినవి స్టాళ్లలో పెడతారు. ఒకప్పుడు లక్ష మందికి పైగా ఉన్న కంపెనీ ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దరిదాపుకు తగ్గారు. తండ్రి తర్వాత కొడుకుకు బాయి పని ఖాయమనే ధీమా సడలింది. ఇంట్లో రెండో సంపాదన ఉండాలనే ఆలోచన బలపడ్డది అప్పుడే. జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి 2003 జూన్ 16న నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయిన ఘటన ఈ ఊరు మరిచిపోలేదు. అలాంటి రోజు తర్వాత చనిపోయిన కార్మికుడి భార్యే ఇంటి యజమాని అవుతుంది. ఉద్యోగం తీసుకోవాలా, నెలనెలా వచ్చే ఎంఎంసీ పరిహారం తీసుకోవాలా అని కాగితం ముందుకు తోస్తారు. ఇంటి ఖర్చు ఎంతో, పిల్లల చదువుకు ఎన్నేళ్లు పడుతుందో, చేతిలో ఏ పని ఉందో లెక్క తెలిసిన మనిషి ఆ కాగితం మీద పెట్టే సంతకం వేరు, తెలియని మనిషి పెట్టే సంతకం వేరు. ఇంటి చదువును కాలక్షేపంగా చూసేవాళ్లు ఈ సంతకం గురించి ఒక్కసారి ఆలోచించాలి.

కుట్టు తరగతిలో మొదటి వారాల్లో గుడ్డ ముట్టనివ్వరు. పాత దినపత్రికే గుడ్డ. దాని మీద సుద్దతో భుజం, ఛాతీ, నడుము, చంక చుట్టు, మెడ లోతు గీయాలి. టేపు ఎక్కడ బిగించాలో, ఎక్కడ వేలు దూర్చి వదులివ్వాలో మిస్ చేయి పట్టి చూపిస్తుంది. చంక దగ్గర గీత పావు అంగుళం లోపలికి వస్తే చేయి ఎత్తినప్పుడు జాకెట్ పట్టేస్తుంది. ఆ పావు అంగుళం పుస్తకంలో దొరకదు. ఏళ్ల తరబడి చెడగొట్టి, విప్పి, మళ్లీ కుట్టిన చేతికి తెలుస్తుంది. మగ్గం దగ్గరా అంతే. ఆరి సూది కింద నుంచి దారం అందుకునే ఒడుపు, జర్దోసీ తీగను కత్తిరించే కొలత ఒకరి పక్కన ఒకరు కూర్చుని నేర్చుకోవాల్సిందే. ఒక కాలనీ టీచరమ్మ కనిపెట్టిన ఒడుపు ఇంకో కాలనీ టీచరమ్మకు చేరాలంటే, వాళ్లిద్దరూ కలుసుకునే చోటు ఒకటి ఉండాలి.

సేవా సమితి నిర్మాణంలో నేను ఆలోచిస్తున్నది ఇక్కడే. ఏరియా జనరల్ మేనేజర్ భార్య అక్కడి సేవా అధ్యక్షురాలు. ఇది సింగరేణి ఆచారం. ఆ స్థానంలో కూర్చున్న అమ్మగారు తలచుకుంటే హాలు దొరుకుతుంది, మిషన్లు వస్తాయి, స్టాలుకు చోటు వస్తుంది. ఆ బలం చిన్నదేమీ కాదు. అయితే జీఎం గారికి బదిలీ అయితే ఆమె కూడా పెట్టె సర్దుకోవాలి. కొత్తగా వచ్చినావిడ కాలనీల పేర్లు నేర్చుకునేసరికే నెలలు గడుస్తాయి. పాఠం చెప్పే మనిషి మాత్రం అక్కడే ఉంటుంది. బ్యాచ్ వెనుక బ్యాచ్ ఆమె చేతి మీదుగానే వెళ్తుంది. ఏ కోర్సుకు గిరాకీ ఉందో, నేర్చుకుని మానేసినవాళ్లు ఎందుకు మానేశారో, ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివికి ఒక కుర్చీ, ఒక మినిట్స్ పుస్తకం ఉండాలి.

ఎలెన్ రిచర్డ్స్ కూడా ఒక మైనింగ్ ప్రొఫెసర్ భార్యే. సంఘం నడిపింది మాత్రం ఆ హోదాతో కాదు. మసాచుసెట్స్ రాష్ట్రమంతటి నుంచి వచ్చిన వేల నీటి నమూనాలను పరీక్షించిన రసాయన శాస్త్రవేత్తగా, ఎంఐటీ బోధకురాలిగా నడిపారు. 1899లో లేక్ ప్లాసిడ్ అనే కొండ ఊరిలో తొలి సమావేశం పెడితే వచ్చింది పదకొండు మందే. ఏ తరగతికి ఏం చెప్పాలి, టీచర్లకు శిక్షణ ఎక్కడ ఇవ్వాలి, విశ్వవిద్యాలయాల్లో ఈ విషయాన్ని ఎలా చేర్చాలి అన్నవే చర్చలు. ఏటేటా కూర్చున్నారు. పదేళ్ల పాటు ఇలా పాఠ్యప్రణాళికలు గీసుకున్నాకే సంఘం రిజిస్టర్ మీదికి వచ్చింది. అదే ఏడు సొంత పత్రిక మొదలైంది. 1910లో ఆమె పదవి దిగారు, 1911లో కన్నుమూశారు. ఆమె లేకపోయినా సంఘం చెక్కుచెదరలేదు. అధ్యక్షురాలు మారినా పనిచేసే సంఘం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనబడదు.

మన దేశంలోనూ ఈ బాట ఉంది. 1927లో పుణెలో మొదలైన అఖిల భారత మహిళా సమాఖ్య చొరవతో 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల వెలిసింది. గృహ విజ్ఞానం బోధించేవాళ్ల కోసం హోం సైన్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. కోయంబత్తూరులో రాజమ్మాళ్ దేవదాస్ ఈ విషయానికి జీవితమే ధారపోశారు. హైదరాబాద్ సైఫాబాద్‌లోని గృహ విజ్ఞాన కళాశాల వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ చదువు పేరు ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్. వ్యవసాయ విశ్వవిద్యాలయం కనుక దాని చూపు సహజంగానే రైతు కుటుంబం మీద, పల్లె మీద ఉంటుంది. పట్నం అమ్మాయి కాలేజీలో హోం సైన్స్ చదువుకుంటుంది. రైతూ కాని, పట్నవాసీ కాని, షిఫ్టుల మధ్య నలిగే బొగ్గు కార్మికుడి ఇల్లు ఈ రెండు చూపులకూ పక్కనే ఉండిపోయింది. సైఫాబాద్‌లో పోషకాహారం బోధించే ప్రొఫెసరమ్మ, గోదావరిఖనిలో ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పే లెక్చరర్, అంగన్‌వాడీ టీచర్, సేవా సమితి కుట్టు టీచర్, నలుగురూ చేసేది ఒకే పని. నైట్ షిఫ్ట్ చేసే మనిషి ఏ వేళ ఏం తినాలన్న ప్రశ్నకు ఈ నలుగురూ కలిసి కూర్చుంటే తప్ప పనికొచ్చే జవాబు రాదు.

అలా కూర్చోవడానికి బోధించేవాళ్ల సంఘం ఒకటి కావాలి. తెలంగాణలో అమలులో ఉన్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. లేక్ ప్లాసిడ్ పదకొండు కంటే తక్కువే. ఏడాదికోసారి సభ్యత్వ రుసుము, రెండేళ్లకోసారి ఎన్నిక, ప్రతి సమావేశానికీ రాతలో తీర్మానం ఉండేలా నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. పాఠం చెప్పే మనిషే పదవిలో ఉండాలన్నది మొదటి నియమం కావాలి. సేవా అధ్యక్షురాలిని గౌరవ సభ్యురాలిగా పిలుచుకోవచ్చు, ఆమె అండ వదులుకోవాల్సిన పనిలేదు. రామగుండం గనుల ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాల కుట్టు టీచర్లు కూర్చుని కోర్సు చివరి పరీక్షకు ఒకే కొలమానం పెట్టుకుంటే, సెంటినరీ కాలనీలో ఇచ్చిన సర్టిఫికెట్‌ను కరీంనగర్ బొటిక్ యజమాని కూడా నమ్ముతాడు. మొదటి సమావేశం ఎజెండాకు ఈ ఒక్క అంశం చాలు. రెండో సమావేశం దసరాకు ముందే, లాభాల వాటా బ్యాంకులో పడేలోపే పెట్టుకోవాలి. అందులో గిరిగిరి లెక్క పాఠాన్ని ఏ కాలనీలో ఎవరు, ఏ తేదీన చెప్పాలో పంచుకోవాలి.