పొరుగు సేవలు: ఏ పని బయటికివ్వాలి?

సంస్థ తన పనిని బయటివారికి ఒప్పగించడాన్ని పొరుగు సేవలు లేదా అవుట్‌సోర్సింగ్ అంటారు. పని ప్రధానమా, అనుబంధమా అన్న విభజన ఒక్కటే ఈ నిర్ణయానికి చాలదు. ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1937లోనే చూపినట్టు బయట కొనడానికీ ఖర్చుంది: ధర తెలుసుకోవాలి, బేరమాడాలి, ఒప్పందం రాసుకోవాలి. అవన్నీ కలిపినా చవకైతేనే ఇవ్వాలి. 2004లో భారతీ ఎయిర్‌టెల్ నెట్‌వర్క్ పనిని ఎరిక్సన్ వంటి కంపెనీలకు, ఐటీని ఐబీఎంకు అప్పగించింది. టెలికాం కంపెనీకి నెట్‌వర్కే ప్రాణం కదా అన్న అభ్యంతరం సహజమే. కానీ పరికరాలకు కాక, వాడుకలోకి వచ్చిన సామర్థ్యానికే చెల్లించే పద్ధతి పెట్టడంతో ఫలితాన్ని కొలవడం వీలైంది. చందాదారులు, ధరలు, బ్రాండు సంస్థ చేతిలోనే ఉన్నాయి. బోయింగ్ 787 కథ వేరు. రూపకల్పన, తయారీలో పెద్ద భాగం సరఫరాదారులకు వెళ్లింది. 2008లో అందాల్సిన తొలి విమానం 2011లో అందింది. భాగాలన్నీ ఒకదానితో ఒకటి అతకాల్సిన చోట సమన్వయమే అసలు పని. దాన్ని బయటికి పంపలేం.

పొరుగు సేవలు కూలి తగ్గించే ముసుగేనన్న విమర్శను కొట్టిపారేయలేం. ఆదా నైపుణ్యం వల్ల కాక కేవలం జీతాల కోత వల్ల వచ్చేదైతే ఆ పని బయటికివ్వడం తప్పు. చట్టమూ దీనికి హద్దులు పెట్టింది: 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధించింది. పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్ వంటివి, సంస్థ స్థాపనే వాటికోసం కానప్పుడు, ప్రధానం కావంది. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే చెల్లించాల్సిన బాధ్యతను 1970 చట్టం అసలు యజమానిపైనే పెట్టింది.