అనోయికిస్: పట్టు తప్పిన కణం మరణం

ఆధారం నుంచి ఊడిన కణం తనను తాను చంపుకోవడాన్ని అనోయికిస్ అంటారు. పేగు లోపలి పొరలోను, రొమ్ములోని పాలనాళాల్లోను, మూత్రపిండ నాళికల్లోను ఉండే ఉపకళా కణాలు తమ కింద పరచుకున్న కొల్లాజెన్, లామినిన్ వంటి ప్రోటీన్ల అల్లికను పట్టుకుని బతుకుతాయి. ఈ అల్లికనే కణబాహ్య మాత్రిక అంటారు. పట్టు తప్పిన కణంలో గంటల వ్యవధిలోనే చావు మొదలవుతుంది. చోటు తప్పిన కణం మరోచోట మొలకెత్తకుండా శరీరం పెట్టుకున్న కట్టడి ఇది. కేన్సర్ ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి పాకాలంటే ముందు దీన్ని దాటాలి.

ఈ సంగతి ప్రయోగశాలల్లో ముప్పై ఏళ్లపాటు కళ్లెదుటే ఉంది. 1964లో ఇయాన్ మాక్‌ఫర్సన్, లూక్ మోంటానియే కలిసి పాలియోమా వైరస్ సోకి మారిపోయిన కణాలు మెత్తటి అగార్‌లో, ఏ ఆధారమూ లేకుండానే గుంపులుగా పెరుగుతాయని చూపించారు. (ఎయిడ్స్ వైరస్‌ను కనుగొన్నందుకు తరవాత నోబెల్ అందుకున్న మోంటానియే ఈయనే.) 1968లో మైకేల్ స్టోకర్ బృందం మామూలు కణాల పెరుగుదలకు ఆధారం అవసరమని తేల్చింది. అప్పటినుంచి మెత్తటి అగార్ పరీక్ష కేన్సర్ పరిశోధకులకు నిత్యకృత్యమైంది. అందరి చూపూ పెరిగే కణాల మీదే. పెరగని కణం ఏమవుతోందన్న ప్రశ్నకు, విభజన ఆగిపోయిందన్న జవాబుతో సరిపెట్టుకున్నారు. ఫైబ్రోబ్లాస్టుల విషయంలో అది చాలావరకు నిజం కూడా కావడంతో అనుమానం రాలేదు.

కణం పద్ధతి ప్రకారం చనిపోయే తీరుకు 1972లో కెర్, వైలీ, కరీ అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. దానికీ ఆధారం తప్పడానికీ ముడి పడటానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. రక్తనాళాల లోపొర కణాలు మాత్రిక లేకపోతే అపాప్టోసిస్‌తో చనిపోతాయని 1993లో మెరిడిత్, ఫజేలీ, ష్వార్ట్జ్ ప్రకటించారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని లా హోయాలో స్టీవెన్ ఫ్రిష్, హంటర్ ఫ్రాన్సిస్ కుక్క మూత్రపిండం నుంచి వచ్చిన ఎండీసీకే కణాలను, ఏదీ అంటుకోని పూత పూసిన పళ్లాల్లో పెట్టారు. అవి చనిపోయాయి. రాస్ లేదా సార్క్ కేన్సర్ జన్యువులతో మారిన కణాలు మాత్రం బతికాయి. అనోయికిస్ అన్న పేరు పెట్టింది వీళ్లే.

రాస్ కథలో తెలుగు నేల నుంచి వెళ్లిన శాస్త్రవేత్త ఒకరున్నారు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, 1982లో మానవ మూత్రాశయ కేన్సర్ కణాల్లోని రాస్ జన్యువును సహచరులతో కలిసి చదివారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు వేలీన్ వచ్చింది. అంతే తేడా. రాబర్ట్ వైన్‌బర్గ్ బృందమూ అదే ఏడాది ఇదే విషయం చెప్పింది. ఒక్క అక్షరం మారిన జన్యువు కణాన్ని చావు నుంచి కూడా తప్పించగలదని అప్పటికి ఇంకా తేలలేదు.

కణం పైన ఉండే ఇంటెగ్రిన్లు మాత్రికను పట్టుకున్నంతసేపూ లోపల ఎఫ్ఏకే అనే కైనేజ్ ఎంజైము పనిచేస్తూ, ఏకేటీ వంటి ప్రోటీన్ల ద్వారా 'బతుకు' అన్న సంకేతం పంపుతూ ఉంటుంది. పట్టు వదలగానే ఆ సంకేతం ఆగి, చావును ప్రేరేపించే బిమ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది. బీఎమ్ఎఫ్ అనే మరో ప్రోటీన్ మామూలుగా కణ కంకాళానికి కట్టేసి ఉంటుంది. ఆధారం పోతే అది విడుదలవుతుందని 2001లో హంసా పుథలకత్ తదితరులు కనుగొన్నారు. మైటోకాండ్రియాకు చిల్లులు పడి, కణాన్ని ముక్కలు చేసే కాస్పేజ్ ఎంజైములు మేల్కొంటే ఇక వెనక్కి తిరగడం అరుదు.

హైదరాబాదు హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం)లో ఘనశ్యామ్ స్వరూప్, వేగేశ్న రాధ చేసిన పని ఈ దారికి పక్కనే నడుస్తుంది. కణం అంటుకునే పట్టును బిగించే ర్యాప్1ను ఉత్తేజపరిచే ప్రోటీన్ సీ3జీ. అది హెచ్‌సీకే అనే కైనేజ్‌తో జతకడితే కణం చనిపోతుందని, ఆ చావుకు సీ3జీ ఉత్ప్రేరక భాగం అవసరమే లేదని 2003లో వీరి బృందం చూపింది. అంటుకోవడానికి తోడ్పడే ప్రోటీనే చంపడంలోనూ చేయి కలుపుతుందన్న ఈ ఫలితానికి రావలసినంత పేరు రాలేదు.

కేన్సర్ కణాలు తప్పించుకునే దారులు చాలా ఉన్నాయి. నాడీకణాల్లో ఉండే ట్రాక్‌బీ గ్రాహకం పుష్కలంగా ఉన్న కణాలు అనోయికిస్‌ను తట్టుకుని ఎలుకల్లో పాకాయని 2004లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వార్త వచ్చింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో అన్నపూర్ణి రంగరాజన్ బృందం 2014లో రొమ్ము కణాల్లో మరో దారి చూపింది. శక్తి లోటును పసిగట్టే ఏఎమ్‌పీకే, పీఈఏ15 అనే ప్రోటీన్ ద్వారా, ఊడిన కణాన్ని నిలబెడుతుంది. కేన్సర్‌ను అణచేదిగా పేరున్న ఎంజైము ఇలా తోడు నిలవడం విచిత్రమే.

అండాశయ కేన్సర్‌లో జలోదరం వస్తే ఆ నీటిలో కేన్సర్ కణాలు ముద్దలుగా తేలుతూ బతుకుతాయి. అనోయికిస్ ఓడిన తీరు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ), ఎఫ్ఏకేను నిరోధించే డిఫాక్టినిబ్‌ను, రాస్ సంకేత మార్గాన్ని అడ్డుకునే అవుటోమెటినిబ్‌తో కలిపి, కేరాస్ ఉత్పరివర్తనం ఉండి తిరగబెట్టిన ఒక రకం అండాశయ కేన్సర్‌కు అనుమతించింది. ఈ జంట మందు గుణంలో అనోయికిస్ వాటా ఎంతో విడదీయడం కష్టం. ఎఫ్ఏకే కణాల కదలికనూ, కణితి చుట్టూ పేరుకునే పీచు కణజాలాన్నీ కూడా శాసిస్తుంది.