అమెజాన్ నల్లమట్టి

బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల నేల చాలాచోట్ల పసుపు, ఎరుపు రంగుల్లో ఉంటుంది. ఆమ్లగుణం ఎక్కువ, సారం తక్కువ. జోరువానలకు పోషకాలు కొట్టుకుపోతాయి. అడవి నరికి సాగుచేస్తే కొద్ది పంటలకే భూమి నిస్సారమవుతుంది. ఆ నేల మధ్యలోనే, నదుల పక్క మిట్టల మీద, కాటుకలాంటి మట్టి అక్కడక్కడ కనిపిస్తుంది. స్థానిక రైతులు దాన్ని 'టెర్రా ప్రెటా' అంటారు. దక్కన్ నల్లరేగడి నలుపుకు బొగ్గుతో సంబంధం లేదు. ఈ మట్టి నలుపు బొగ్గుదే.

కొన్నిచోట్ల 2 మీటర్ల లోతు తవ్వినా ఇదే మట్టి. గుప్పెడు తీసి చూస్తే బొగ్గు నలుసులు, కుండపెంకులు, చేపముళ్లు దొరుకుతాయి. ఇది ప్రకృతి ఇచ్చిన నేల కాదు. సుమారు 2,500 ఏళ్ల కిందటి నుంచి యూరోపియన్లు వచ్చేవరకు, అక్కడ స్థిరపడిన జనం పొయ్యి బూడిద, బొగ్గు, వంటచెత్త, మలం తరతరాలుగా వేస్తూ వచ్చిన నేల ఇది.

1542లో స్పెయిన్ యాత్రికుడు ఒరెయానా అమెజాన్ నది వెంట సాగాడు. ఒడ్డున జనంతో కిటకిటలాడే ఊళ్లున్నాయని, వెంట ఉన్న కార్వహాల్ అనే మతగురువు రాశాడు. తర్వాత వెళ్లినవాళ్లకు ఆ ఊళ్లు కనిపించలేదు. యూరోపియన్లతో వచ్చిన మశూచి వంటి రోగాలు జనాన్ని తుడిచిపెట్టాయి. కార్వహాల్‌ది కట్టుకథ అన్నవాళ్లు చాలామందే. ఆయన మాటకు ఈ మట్టే గట్టి సాక్ష్యం.

డచ్చి మృత్తికా శాస్త్రవేత్త విమ్ సోంబ్రూక్ 1966లో అమెజాన్ నేలలపై వెలువరించిన గ్రంథంతో శాస్త్రలోకం దృష్టి దీనిమీద బలంగా పడింది. చుట్టుపక్కల నేలకంటే ఇందులో బొగ్గు రూపంలోని కర్బనం 70 రెట్ల వరకు ఉందని 2001లో బ్రూనో గ్లేజర్ బృందం తెలిపింది. కట్టె కుళ్లితే అందులోని కర్బనం కొద్ది ఏళ్లలోనే గాలిలో కలుస్తుంది. గాలి చొరకుండా కాలిస్తే మిగిలే బొగ్గును సూక్ష్మజీవులు అంత తేలిగ్గా తినలేవు, కాబట్టి శతాబ్దాలు నిలుస్తుంది. దాని సన్నని రంధ్రాలు నీటిని, కాలక్రమంలో మారిన ఉపరితలం పోషకాలను పట్టి ఉంచుతాయి.

నేలలో కలిపేందుకు నేడు తయారుచేసే బొగ్గు, అంటే బయోచార్‌కు ప్రేరణ ఇదే. ఊక, కొబ్బరిచిప్పలు, పత్తికట్టె వంటి పంట వ్యర్థాలతో దాన్ని చేస్తున్నారు. అయితే ఉత్త బొగ్గు ఎరువు కాదు. పశువుల పేడలోనో కంపోస్టులోనో నానబెట్టకుండా చల్లితే, మొదట్లో నేలలోని నత్రజనిని అదే పట్టేసుకోవచ్చు. పుల్లటి నేలల్లో మేలు ఎక్కువ, క్షార నేలల్లో తక్కువ.

అమెజాన్ ప్రాంతంలోని షింగూ నది ఎగువన ఉండే కుయికురో తెగవారు నేటికీ బూడిద, బొగ్గు, కర్రపెండలం వ్యర్థాలు వేసి కావాలనే నల్లమట్టిని తయారుచేస్తున్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం నమోదు చేసింది.